వన్ పత్రిక పాత సంచికలు: ఏవి చదవాలి, ఏ వరసలో చదవాలి

సమీక్షిస్తున్నది: స్వలింగ ప్రేమికుల (గే) మాసపత్రిక "వన్", లాస్ ఏంజెలెస్. 1953 జనవరి నుంచి 1958 ఫిబ్రవరి దాకా వచ్చిన సంచికలు. అట్ట మీద ధర 25 సెంట్లు.

1954 అక్టోబరు సంచికను బూతు కోసం తెరిచేవాళ్లకు నిరాశ తప్పదు. లాస్ ఏంజెలెస్ పోస్ట్‌మాస్టర్ ఓటో ఓలెసెన్ అశ్లీలమని ముద్ర వేసి టపాలోకి ఎక్కనివ్వనిది ఈ సంచికనే. మూడేళ్ల మూడు నెలలు కోర్టుల్లో నలిగి, అమెరికా సుప్రీంకోర్టులో గే పత్రికకు తొలి గెలుపు తెచ్చిపెట్టిందీ ఇదే. తీరా చదివితే దొరికేవి ఒక చప్పటి కథ, ఇంగ్లండు దొరల మీద ఒక వెక్కిరింపు పద్యం, ఒక స్విట్జర్లాండు పత్రిక ప్రకటన. ఆనాడు కూడలి బడ్డీల్లో వేలాడిన మామూలు డిటెక్టివ్ నవలల అట్టబొమ్మలు దీనికన్నా ఘాటుగా ఉండేవి.

అలాగని పత్రిక పనికిరానిదని కాదు. దీన్ని మామూలు పత్రిక చదివినట్టు చదివితే మాత్రం సగం జారిపోతుంది. ప్రతి కథా, ప్రతి వ్యాసమూ లాయరు చేతిలో కత్తిరింపు అయ్యాకే అచ్చుకు వెళ్లింది. ఏం కత్తిరించారో, ఎందుకు కత్తిరించారో తెలుసుకుంటూ చదివితే ఇంత ఆసక్తికరమైన పత్రిక ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో తక్కువ. అందుకే ఈ సమీక్షలో సాహిత్యం గురించి కొంత, టపా గురించి ఎక్కువ.

చేతిలోకి తీసుకుంటే

మామూలు కాగితాన్ని సగానికి మడిచినంత సైజు, మధ్యలో పిన్నులు కొట్టిన సన్నపాటి పత్రిక. కోటు జేబులో పట్టేస్తుంది. దాచుకుని చదవాల్సిన పాఠకులకు అదో సౌకర్యం. అట్టల మీద తొలినాళ్లలో బొమ్మ కన్నా మాటలే పెద్దగా ఉంటాయి. తర్వాత ఈవ్ ఎలోరీ అనే కలం పేరుతో జోన్ కార్బిన్ వేసిన గీతల బొమ్మలు వస్తాయి. పొదుపైన రంగులు, శుభ్రమైన గీత. ఈ పత్రిక చూడ్డానికి ఔత్సాహికుల పనిలా కాక వృత్తిపరంగా కనిపిస్తే ఆ ఘనత చాలావరకు ఆమెదే. లోపలి అచ్చు మాత్రం సంచికకో తీరు. కొన్నిట్లో అచ్చుతప్పులు విసిగిస్తాయి.

పేరు స్కాట్లండు రచయిత కార్లైల్ వాక్యం నుంచి తీసుకున్నారు. మనుషులందరినీ ఒక్కటి చేసే సోదరబంధం గురించిన మాట అది. పత్రిక పెట్టాలన్న ఆలోచన 1952 అక్టోబరులో స్వలింగ ప్రేమికుల హక్కుల సంఘం మాటషీన్ సొసైటీ వాళ్ల చర్చాగోష్ఠి ఒకదాంట్లో పుట్టింది. మార్టిన్ బ్లాక్, డేల్ జెన్నింగ్స్, డాన్ స్లేటర్, డోర్ లెగ్ మొదట్నుంచీ ఉన్నవాళ్లు. జెన్నింగ్స్ అప్పటికే ఊరందరికీ తెలిసిన మనిషి. 1952లో ఓ మఫ్టీ పోలీసు అతన్ని వలపన్ని పట్టుకుంటే, "అవును, నేను స్వలింగ ప్రేమికుణ్నే, కానీ ఈ నేరం చేయలేదు" అనే వాదనతో కోర్టులో నిలబడ్డాడు. జ్యూరీలో 11 మంది నిర్దోషి అన్నారు, ఒక్కరు అడ్డం తిరిగారు, కేసు కొట్టేశారు. అప్పట్లో ఇలాంటి కేసుల్లో నేరం ఒప్పేసుకుని జరిమానా కట్టి తలొంచుకుని పోవడమే రివాజు. ఆ విచారణ కథ అతనే రాశాడు, తొలి సంచికలోనే వచ్చింది. ఐదేళ్ల సంచికల్లోనూ బిగువైన వచనం ఏదంటే నా ఓటు దానికే.

రాసింది ఎవరు? విషయసూచికను నమ్మొద్దు

కొత్తవాళ్లు మొదట బోల్తా పడేది ఇక్కడే. విషయసూచికలో పది పేర్లుంటే పదిమంది రాశారనుకుంటారు. ఉన్నది ముగ్గురు నలుగురే కావచ్చు. జిమ్ కెప్నర్ ఒక్కడే లిన్ పెడర్సన్, డాల్ మెకింటైర్, ఫ్రాంక్ గొలోవిట్స్. డోర్ లెగ్ ఆఫీసు కాగితాల మీద విలియం లాంబర్ట్, వ్యాసాల కింద హోలిస్టర్ బార్న్స్. సంపాదకురాలు ఆన్ కార్ల్ రీడ్ అసలు పేరు ఇర్మా వోల్ఫ్. స్టెన్ రస్సెల్ అంటే స్టెల్లా రష్.

ఉద్యోగాలు పోతాయన్న భయం ఒక కారణమైతే, పెద్ద బృందం ఉందని పాఠకులకు, పోలీసులకు కూడా అనిపించాలన్న ఎత్తుగడ ఇంకొకటి. ఈ నాలుగు వరసలూ ఒక చీటీ మీద రాసుకుని పత్రికలో పెట్టుకుంటే చదవడం తేలికవుతుంది. లిన్ పెడర్సన్ వ్యాసంలో చేసిన వాదన డాల్ మెకింటైర్ వార్తల శీర్షిక "టాంజెంట్స్‌"లో ఎందుకు ప్రతిధ్వనిస్తోందో అప్పుడు అర్థమవుతుంది. ఆ శీర్షికను మాత్రం ఎక్కడ కనిపించినా వదలొద్దు. ఏ ఊళ్లో బార్ల మీద దాడి జరిగింది, ఎక్కడ ఎవరి ఉద్యోగం ఊడింది, ఇలాంటివన్నీ దినపత్రికల మూలల్లోంచి ఏరి పేర్చిన వార్తలు. మిగతా పత్రికలేవీ వీటిని ఒక్కచోట చేర్చలేదు.

కథల సంగతి వేరు. చాలావరకు నీరసం. పాత్రలు కలుస్తాయి, కిటికీ దగ్గర నిలబడతాయి, విడిపోతాయి. కారణం కింద చెప్తాను. తప్పంతా రచయితలది కాదు.

టపా: ఈ వస్తువుకు అసలు గండం

1873 నాటి కామ్‌స్టాక్ చట్టం అశ్లీల సాహిత్యాన్ని టపాలో పంపడాన్ని ఫెడరల్ నేరం చేసింది. 1950ల నాటికి దాని కింద ఐదేళ్ల దాకా జైలు, 5,000 డాలర్ల దాకా జరిమానా. పత్రిక రాయడం, అచ్చేయడం కన్నా దాన్ని పోస్టాఫీసు గడప దాటించడమే కష్టం. అంతకుముందు ప్రయత్నాలు ఇక్కడే ఆగిపోయాయి. షికాగోలో హెన్రీ గెర్బర్ 1924లో సొసైటీ ఫర్ హ్యూమన్ రైట్స్ రిజిస్టరు చేయించి "ఫ్రెండ్‌షిప్ అండ్ ఫ్రీడమ్" రెండు సంచికలు తెచ్చాడు. 1925లో అరెస్టయ్యాడు, ఉద్యోగం పోయింది. ఆయన చేస్తున్నది పోస్టాఫీసులోనే! 1947లో లాస్ ఏంజెలెస్‌లో ఈడిత్ ఐడ్ అనే సెక్రటరీ లీసా బెన్ పేరుతో "వైస్ వెర్సా" తెచ్చింది. ఆర్కేఓ స్టూడియో ఆఫీసులో తీరిక దొరికినప్పుడు కార్బన్ కాగితాలు పెట్టి టైపు కొట్టడం, మళ్లీ మొదట్నుంచీ ఇంకోసారి కొట్టడం. ఇంతా చేస్తే సంచికకు పది పన్నెండు ప్రతులు. టపాలో పంపితే ప్రమాదమని తెలిశాక చేతికి చేయి అందించడమే. తొమ్మిది సంచికలతో 1948లో ఆగింది.

"వన్" వాళ్లు ఈ గండాన్ని రెండు రకాలుగా దాటాలని చూశారు. మొదటిది ప్యాకింగు. పత్రికలకు ఇచ్చే చవక రేటులో పంపితే పోస్టాఫీసు సిబ్బంది విప్పి చూడొచ్చు. ఫస్ట్‌క్లాసు ఉత్తరంగా అతికించి పంపితే వారంటు లేకుండా విప్పకూడదు. పైన పత్రిక పేరు కనబడని సాదా కవరు, ఫస్ట్‌క్లాసు స్టాంపు: చందాదారుకు భద్రత, పత్రికకు ఖర్చు. పావలా డాలరు సరుకుకు ఆ తపాలా ఖర్చు మామూలు భారం కాదు. పోస్ట్‌మాస్టరు కట్టల్నే ఆపేస్తే కవరు ఎంత మందమైనా లాభం లేదనుకోండి, ఆ మాట తర్వాత.

రెండోది లాయరు. ఎరిక్ జుల్బర్ అప్పటికి కుర్రవాడు. సంచిక అచ్చుకు వెళ్లేముందు అన్నీ చదివి, ఇది ఉంచు, ఇది తీసెయ్ అని చెప్పేవాడు.

1953 ఆగస్టు, అక్టోబరు: కలిపి చదవాల్సిన జంట

ఆగస్టు అట్ట మీద "హోమోసెక్సువల్ మ్యారేజ్?" అని ప్రశ్నార్థకంతో సహా ఉంటుంది. లోపలి వ్యాసం ఇ.బి. సాండర్స్‌ది. పెళ్లి హక్కు కావాలన్న పిలుపు అనుకుని తెరిస్తే వాదన అడ్డంగా నడుస్తుంది. సమాజం మనల్ని ఒప్పుకోవాలంటే పెళ్లి, ఏకపత్నీవ్రతంలాంటి కట్టుబాట్లు కూడా నెత్తికెత్తుకోవాల్సి వస్తుంది, అది మనలో ఎంతమందికి ఇష్టం, అని గిల్లుతాడు. 1953లో ఈ ప్రశ్న వేసుకున్నారంటే ఇవాళ నమ్మడం కష్టం. వ్యాసం గొప్పదేం కాదు కానీ తప్పక చదవాలి.

లాస్ ఏంజెలెస్ పోస్టాఫీసు ఈ సంచికను ఆపింది. పద్ధతి ఎలా ఉండేదంటే, స్థానిక పోస్ట్‌మాస్టరుకు అనుమానం వస్తే కట్టల్ని పక్కన పెట్టి, ఒక ప్రతిని వాషింగ్టన్‌లోని పోస్టల్ శాఖ న్యాయాధికారికి పంపిస్తాడు. అక్కడ తేలేదాకా సరుకు కదలదు. ముందస్తు నోటీసు లేదు, గడువు లేదు. పంపవచ్చు అంటే అదృష్టం. వీల్లేదు అంటే ప్రచురణకర్త సొంత ఖర్చుతో ఫెడరల్ కోర్టులో పోస్ట్‌మాస్టరు మీద దావా వేసుకోవాలి. మాసపత్రికకు మూడు వారాల ఆలస్యం చాలు, చందాదారు డబ్బులు వెనక్కి ఇమ్మంటాడు. ఆగస్టు సంచికను సెప్టెంబరులో రెండు వారాలకు పైగా పరీక్షించి, అశ్లీలమేమీ లేదని వదిలేశారు.

దీనికి అక్టోబరు అట్ట మీదే జవాబు. "వన్‌కు కృతజ్ఞత లేదు" అని శీర్షికలాంటి వాక్యం, కింద సంపాదకీయం. మమ్మల్ని టపాకు తగినవాళ్లమని ఒప్పుకున్నందుకు ఎవరికీ దండం పెట్టం, ఈ ఒప్పుకోలు ఆలస్యంగా వచ్చింది, అదీ అరకొరగా, అంటుంది. ఇంట్లో స్నానాలగదిలో తలుపేసుకుని ఇది చదువుతున్న పాఠకుణ్ని కూడా చురక వేస్తుంది: జైలు ఊచల వెనకున్నవాడికి ఈ గెలుపు గొప్పగా కనబడదని. గెలిచినచోట చేతులు కట్టుకుని నిలబడకుండా ఇలా రాయడం ఆ రోజుల్లో సాహసం. ఐదేళ్లలో ఒకే ఒక్క సంచిక ఎంచుకోమంటే 1953 అక్టోబరుకే చేయి చాపుతాను. చాలామంది 1954 అక్టోబరు కోసం ఎగబడతారు, అది కోర్టు కాగితంగా ముఖ్యం.

వీటి మధ్యలో 1954 ఫిబ్రవరి సంచిక మొత్తం ఆడవాళ్లే నడిపింది. చేతికొస్తే వదులుకోవద్దు. మగవాళ్ల అరెస్టుల గొడవతో నిండిన పత్రికలో గొంతు మారుతుంది.

1954 అక్టోబరు: వాక్యం వాక్యం చూడాల్సిన సంచిక

అట్ట మీద "యూ కాంట్ ప్రింట్ ఇట్!" అనే వ్యాసం పేరు. రాసింది లాయరు జుల్బరే. మీ పత్రిక ఇంత చప్పగా ఎందుకుంది అని పాఠకులు ఉత్తరాల్లో విసుక్కుంటుంటే జవాబుగా నిషేధాల జాబితా బయటపెట్టాడు. తోడు కావాలనే ప్రకటనలు కూడదు. కైపెక్కించే బొమ్మలు కూడదు. సంభోగమే కాదు, దానికి ముందు జరిగేదీ వర్ణించకూడదు. కథలో పాత్రలు మోకాళ్లు తాకించుకోకూడదు, చేతులు పట్టుకోకూడదు, ఒకరి వీపుకొకరు సబ్బు రుద్దుకోకూడదు. ఫలానా జాన్ ఏడాదిపాటు నా స్నేహితుడు అని రాయొచ్చు, ఆ రాత్రి ఏం జరిగిందో రాయకూడదు. స్వలింగ ప్రేమను పొగుడుతున్నట్టు, ఇతరుల్ని ప్రోత్సహిస్తున్నట్టు ఉండకూడదు. మిగతా పత్రికల కన్నా కఠినంగా ఎందుకు ఉండాలంటే, మగా ఆడా జంట కథలో జడ్జి చూసీచూడనట్టు వదిలేసేది ఇక్కడ నేరమవుతుంది కాబట్టి.

కిటికీ దగ్గర నిలబడి విడిపోయే పాత్రల రహస్యం ఇదీ. ఈ జాబితా చదివాక పాత కథల్ని మళ్లీ తిరగేయండి. వాక్యం ఎక్కడ టక్కున తెగిందో, పేరా ఎక్కడ తెల్లారిపోయిందో కనబడుతుంది.

తమాషా ఏమిటంటే, ఇన్ని జాగ్రత్తలు చెప్పిన సంచికనే ఆపేశారు. పోస్టల్ శాఖ తరఫున వేలు చూపించినవి మూడు. ఒకటి, జేన్ డార్ పేరుతో వచ్చిన "సాఫో రిమెంబర్డ్". ఒక యువతి తన చిన్ననాటి స్నేహితుణ్ని కాదని ఇంకో స్త్రీతో ఉండిపోవడానికి నిశ్చయించుకుంటుంది, అంతే. నేరం స్పర్శలో లేదు, ముగింపులో ఉంది. ఆమె ఏడ్చి పెళ్లి చేసుకునుంటే, లేదా చచ్చిపోయుంటే, బహుశా ఎవరూ పట్టించుకోకపోయేవారు. రెండు, బ్రదర్ గ్రండీ పేరుతో వచ్చిన పద్యం. ఇంగ్లండులో 1954లో లార్డ్ మాంటేగు మీద నడిచిన స్వలింగ సంపర్కం కేసును ఎగతాళి చేస్తుంది, మరుగుదొడ్ల ప్రస్తావన ఉంది. మోటు హాస్యం, కవిత్వంగా సున్నా. మూడు, జ్యూరిక్ నుంచి మూడు భాషల్లో వచ్చే "డేర్ క్రైస్" పత్రిక ప్రకటన. అందులో తప్పేముంది? ప్రకటనలో ఏమీ లేదు, కానీ దాన్ని పట్టుకుపోతే అశ్లీల సాహిత్యం దొరికే చోటు తెలుస్తుంది, అన్నది ఆరోపణ. చిరునామా అచ్చేయడమే నేరమన్న మాట.

కోర్టు మెట్లు

జుల్బర్ ఫీజు తీసుకోకుండా దావా వేశాడు. జిల్లా కోర్టులో 1956 మార్చిలో జడ్జి థర్మండ్ క్లార్క్ కొట్టేశాడు. స్వలింగ ప్రేమికులను జనంలో ఒక వర్గంగా గుర్తించి ప్రత్యేక హక్కులివ్వాలన్న సూచననే తిరస్కరిస్తున్నానన్నాడు. వాళ్లడిగింది పత్రికను టపాలో వేసుకోనివ్వమని! 1957 ఫిబ్రవరి 27న తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. కథను చవకబారు బూతు అంది. సభ్యత కొలమానం మెజారిటీ జనానిది, మొద్దుబారిన కొద్దిమందిది కాదు అని సూత్రీకరించింది. అంటే ఒక పత్రిక తన పాఠకులకు ఎబ్బెట్టుగా లేకపోయినా, దాన్ని ఎప్పుడూ కొనని పొరుగువాడికి ఎబ్బెట్టుగా ఉంటే చాలు.

ఆదుకున్నది వేరే కేసు. 1957 జూన్‌లో రాత్ కేసులో సుప్రీంకోర్టు, 1868 నాటి ఇంగ్లండు హిక్లిన్ పరీక్షను పక్కనపెట్టింది. హిక్లిన్ ప్రకారం ఒక్క పేరా, అదీ చెడిపోయే స్వభావం ఉన్న ఎవరో ఒకరి మీద పనిచేస్తే చాలు, పుస్తకం అశ్లీలమే. రాత్ ప్రకారం సగటు మనిషి దృష్టితో, రచన మొత్తాన్ని, నేటి సమాజ ప్రమాణాలతో చూడాలి. జుల్బర్ అప్పీలు సరిగ్గా ఆ గాలివాటులో అక్కడికి చేరింది. 1958 జనవరి 13న, మౌఖిక వాదనలే లేకుండా, ఒక్క వాక్యంలో కింది తీర్పును తిరగేశారు. కారణం రాత్ కేసు, అని రాసి ఊరుకున్నారు. తీర్పుల సంపుటం 355లో 371వ పేజీ "వన్" కేసు. 372వ పేజీ నగ్నవాదుల పత్రిక కేసు, అదే రోజు, అదే పద్ధతిలో. రెండిటినీ ఒకే ఊపులో తేల్చేశారని ఆ పేజీ నంబర్లే చెబుతాయి.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక మాట. ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి తెస్తే, మరుసటేడే మద్రాసు ప్రభుత్వం అశ్లీలమని దాని మీద పడింది. టంగుటూరి ప్రకాశం హయాం దాకా ఆ నిషేధం తొలగలేదు. అమెరికా కోర్టు 1957లో వదిలేసిన హిక్లిన్ పరీక్షను మన సుప్రీంకోర్టు 1964లో రంజిత్ ఉదేశీ కేసులో ఒళ్లోకి తీసుకుంది, 2014లో అవీక్ సర్కార్ కేసు దాకా దించలేదు. జుల్బర్ నిషేధాల జాబితా చదువుతుంటే మనకు పరాయిగా అనిపించకపోవడానికి కారణం అదే కావచ్చు.

ఒక్క వాక్యపు తీర్పులో లాభం, నష్టం రెండూ ఉన్నాయి. పత్రిక టపాకెక్కింది. కానీ కారణాలు రాయకపోవడంతో స్వలింగ ప్రేమ గురించిన చర్చ ఎంతవరకు చట్టబద్ధమో ఎవరికీ స్పష్టంగా తెలియలేదు. పెద్ద పత్రికలు పట్టించుకోలేదు. 1958 ఫిబ్రవరి సంచికలో డాన్ స్లేటర్ గర్వంగా రాసిన వ్యాసంతో ఈ ఐదేళ్ల పఠనం ముగించొచ్చు. చరిత్రే కాదు, చట్టమే రాశాం, అన్నట్టుంటుంది దాని ధోరణి.

మధ్యలో ఎఫ్‌బీఐ

1955 నవంబరు సంచికలో ఒక వ్యాసం, స్వలింగ ప్రేమికులు ఎక్కడెక్కడ పెద్ద పదవుల్లో ఉన్నారో చెబుతూ ఎఫ్‌బీఐ పేరు కూడా ఎత్తింది. అంతే, డైరెక్టర్ హూవర్ కింద రెండో స్థానంలో ఉన్న క్లైడ్ టోల్సన్ వీళ్లను నిలదీయాల్సిందేనని నోట్ రాశాడు, హూవర్ సరేనన్నాడు. ఏజెంట్లు సౌత్ హిల్ వీధిలోని ఆఫీసుకొచ్చి రచయిత ఎవరని అడిగారు. చెప్పలేదు. వ్యాసం చదివితే ఆ ఒక్క ప్రస్తావన తప్ప పెద్ద సరుకు లేదు. చూసి వదిలేయండి.

1955 జనవరి సంచికలో నార్మన్ మెయిలర్ వ్యాసం ఉంది. తన నవలల్లో దుర్మార్గుడికి స్వలింగ ప్రేమికుడి పోలికలు ఎందుకు తగిలించానా అని పశ్చాత్తాపపడతాడు. పేరున్న రచయిత సొంత పేరుతో రాయడం అరుదు కాబట్టి ఈ ప్రతికి గిరాకీ ఎక్కువ. వ్యాసం నిజాయితీగానే ఉంది కానీ, తన గురించి తాను మాట్లాడుకోవడమే ఎక్కువ.

పోటీ సరుకుతో పోల్చితే

"మాటషీన్ రివ్యూ" 1955లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైంది. డాక్టర్లు, ప్రొఫెసర్ల చేత మన గురించి మంచిమాటలు చెప్పించుకోవాలన్న తపన. మర్యాదస్తుల పత్రిక. "వన్" పొగరు దానికి లేదు.

"ది లాడర్" 1956 అక్టోబరులో మొదలైంది. డాటర్స్ ఆఫ్ బిలిటిస్ అనే లెస్బియన్ల సంఘం పత్రిక. తొలి సంచిక సైక్లోస్టైల్. చందాదారుల భయం తీర్చడంలో దీన్ని మించింది లేదు. 1956 నవంబరు సంచికలోనే మీ పేరు భద్రం అంటూ ఆన్ ఫెర్గూసన్ ఒక వ్యాసం రాసింది. పుస్తకాలు కొన్నవాళ్ల పేర్లు బయటపెట్టమని ప్రభుత్వం బలవంతపెట్టే వీల్లేదని 1953 నాటి రూమ్లీ కేసును చూపించింది. ఇంకొన్ని నెలలకు ఆ ఆన్ ఫెర్గూసనే, కలం పేరును చంపేశానని ప్రకటించి ఫిలిస్ లయాన్‌గా బయటికొచ్చింది. భద్రం అని చెప్పేది దొంగ పేరుతో ఉంటే ఎలా నమ్ముతారు మరి!

బాడీబిల్డింగు ముసుగులో వచ్చిన కండల పత్రికలు వేరే జాతి. చదువరుల కన్నా చూపరులకు. అమ్మకాల్లో "వన్" వాటి దరిదాపుల్లో లేదు. కానీ వాటికి దారి తెరిచిన కేసుల వరసలో "వన్" ముందుంది. 1960లో వర్జీనియాలోని అలెగ్జాండ్రియా పోస్టాఫీసులో లిన్ వోమాక్ సంస్థలవి మూడు పత్రికలు, మొత్తం 405 ప్రతులు పట్టుకుంటే, 1962లో సుప్రీంకోర్టు మాన్యువల్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో వదిలిపెట్టించింది. మగవాడి నగ్నచిత్రం ఆడదాని నగ్నచిత్రం కన్నా ఎక్కువ అశ్లీలమేమీ కాదన్న తర్కం అక్కడ బయటికి వచ్చింది. ఈసారి కారణాలు కూడా రాశారు.

కొనేవాళ్లకు, వెతికేవాళ్లకు

పాత పుస్తకాల వ్యాపారుల దగ్గర అసలు ప్రతులు అప్పుడప్పుడు కనిపిస్తాయి. చూసుకోవాల్సినవి ఇవి. పిన్నులు తుప్పుపట్టి మధ్య జత పేజీలు ఊడిపోయాయేమో ముందు లెక్కపెట్టండి, ఉత్తరాల శీర్షిక పోతే సంచికకు ప్రాణం పోయినట్టే. మారుమూల ఊళ్ల నుంచి రాసిన ఆ ఉత్తరాలు చాలాచోట్ల వ్యాసాల కన్నా బాగుంటాయి. అట్ట ఊడినవి చవగ్గా వస్తాయి, కానీ 1953 అక్టోబరు విషయంలో అట్టే అసలు సరుకు కాబట్టి అది లేని ప్రతి కొనొద్దు.

1965 సంచికలతో ఇంకో చిక్కు. ఆ ఏప్రిల్లో డాన్ స్లేటర్, డోర్ లెగ్‌తో గొడవపడి ఆఫీసులోని లైబ్రరీ, ఫైళ్లు మొత్తం లారీకెక్కించి తీసుకుపోయాడు. కొన్ని నెలలపాటు రెండు వర్గాలూ ఇదే పేరుతో పత్రిక తెచ్చాయి. తర్వాత స్లేటర్ తన దానికి "టాంజెంట్స్" అని పేరు మార్చుకున్నాడు. ఆ మధ్య నెలల ప్రతి కొంటే లోపలి చిరునామా చూసి ఏ వర్గానిదో తేల్చుకోండి, లేకపోతే ఒకే నెలవి రెండు చూసి నకిలీ అనుకునే ప్రమాదముంది.

కాగితాలు కూడా అలాగే చీలిపోయాయి. ఒక భాగం లాస్ ఏంజెలెస్‌లో వెస్ట్ ఆడమ్స్ బులెవార్డ్, 909 నంబరులో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూఎస్‌సీ) లైబ్రరీల కింద ఉన్న వన్ ఆర్కైవ్స్‌లో ఉంది. స్లేటర్ పక్షం సేకరణ నార్త్‌రిడ్జ్‌లోని కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకి చేరింది. 1965కి ముందు ఆఫీసు ఉత్తరాల కోసం వెతికేవాళ్లు రెండుచోట్లా అడగాలి. ఒకచోట లేదంటే లేదని కాదు. "ది లాడర్", "మాటషీన్ రివ్యూ" రెండింటినీ ఆర్నో ప్రెస్ 1975లో సంపుటాలుగా పునర్ముద్రించింది. పెద్ద యూనివర్సిటీ లైబ్రరీల్లో ఉంటాయి, అమెరికాలో చదువుకుంటున్న తెలుగువాళ్లకు ఇది సులువైన దారి.

చదివే వరస: 1953 జనవరి (జెన్నింగ్స్ కోసం), 1953 ఆగస్టు, అక్టోబరు, 1954 ఫిబ్రవరి, 1954 అక్టోబరు (జుల్బర్ వ్యాసం ముందు, కథ తర్వాత), 1958 ఫిబ్రవరి. అప్పీలు కోర్టు తీర్పును 1954 అక్టోబరు సంచిక పక్కన పెట్టుకుని చదివితే, తీర్పులో దుయ్యబట్టిన వాక్యాలు కథలో ఎంత అమాయకంగా ఉన్నాయో పోల్చుకోవచ్చు.

రేటింగ్: సంపాదకీయాలకు 5కి 5. వార్తలకు 4. బొమ్మలకు 4. కథలకు 2, అందులో ఒకటి జాలితో. పద్యాలకు ఏమీ ఇవ్వడం లేదు.